దుర్భిణీ మాస్టారు చూడని పరీక్ష

లెక్కల మాస్టారికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతాల రిజిస్టరు దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. పిల్లలకి ఆయన దుర్భిణీ మాస్టారు. పరీక్ష పెట్టిన రోజు ఆయన కుర్చీ ముట్టుకునేవారు కాదు. చప్పుడు కాని రబ్బరు చెప్పులు వేసుకుని, గదిలో వెనక గోడకి ఆనుకుని నిలబడేవారు.

"ముందు నిలబడితే మనం ఎటు చూస్తున్నామో వాళ్లకి తెలిసిపోతుంది. వెనక నిలబడితే తెలియదు. తెలుసుకుందామని ఎవడు తల తిప్పుతాడో, సరుకు వాడి దగ్గరే ఉంటుంది," అని కొత్తగా చేరిన టీచర్లకి ఉపదేశం చేసేవారు.

పట్టుకున్నాక మాత్రం ఆయనకి కోపం కన్నా కుతూహలమే ఎక్కువ. చెరిపే రబ్బరు తొడుగు లోపల, స్కేలు వెనక, దెబ్బే తగలని వేలికి కట్టిన కట్టు మీద ఏం రాశారో, ఎలా రాశారో అడిగి మరీ తెలుసుకునేవారు. దొరికిన చీటీలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో దాచి, ఇంటికొచ్చిన చుట్టాలకి చూపించేవారు. వాటిలో ఒకదాని మీద అక్షరాలు ఎంత సన్నగా ఉన్నాయంటే, భూతద్దం పెడితే తప్ప ఆనవు. "ఇంత ఓపికగా రాసినవాడికి పాఠం రాకుండా ఎలా ఉంటుందండీ?" అని ఆయన మురిసిపోతుంటే, చుట్టాలు బస్సుకి టైమైందని లేచేవారు.

ఆయనకి ఇంకో నమ్మకం కూడా ఉండేది. లెక్కలు వచ్చినవాళ్లకి కాపీతో పనిలేదు, కాబట్టి కాపలా అంతా రానివాళ్లకే కావాలి. అందుకని ఆ రబ్బరు చెప్పులు అరిగిందంతా చివరి బెంచీల దగ్గరే.

ఆ చివరి బెంచీలో కుట్టుమిషను ఆవిడ కూతురు కూర్చునేది. ఏడాది పొడుగునా ఆ పిల్లకి లెక్కల్లో వచ్చిన మార్కులన్నీ కలిపినా ఒక పరీక్ష గట్టెక్కదు. అలాంటిది, పై తరగతిలో సైన్సు సెక్షనుకి ఎవరు వెళ్లాలో తేల్చే పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంది. సరిగ్గా ఆ రోజే మాస్టారు పన్ను పీకించుకుని, దవడ వాచి ఇంట్లో పడుకున్నారు. ఆయన బదులు డ్రాయింగు మాస్టారు కాపలా కాశారు. కాశారు అనడం కూడా పెద్దమాటే. ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఎదురుగా ఉన్న నీళ్ల ట్యాంకు బొమ్మ గీసుకున్నారు.

హెడ్మిస్ట్రెస్ మాస్టారిని పిలిచింది. "రేపు మధ్యాహ్నం లిస్టు పంపించాలి. కాపీ అని మీరంటే ఆ పిల్ల పేరు కొట్టేస్తాను. తేల్చి చెప్పండి."

పేరు కొట్టేస్తే ఏమవుతుందో ఆ పిల్ల తల్లి ముందే బడికొచ్చి చెప్పి వెళ్లింది. "సీటు వస్తే చదివిస్తానండి. రాకపోతే నా పక్కనే ఇంకో మిషను వేస్తాను. ఊరికే ఇంట్లో కూర్చోబెట్టుకోలేను."

మాస్టారు ఆ జవాబు పత్రం ముందేసుకుని కూర్చున్నారు. అటు పక్క పిల్లది, ఇటు పక్క పిల్లది కూడా తెప్పించి పోల్చారు. వాళ్లవి ఎప్పటికన్నా కాస్త నయమే గానీ తప్పుల తడకలు, ఈ పిల్లది కడిగిన ముత్యంలా ఉంది. మరి ఎక్కడినుంచి దించింది? నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆయనకి పిల్ల సీటు గురించి బెంగ లేదు. తన డబ్బాలో లేని కొత్త పద్ధతేదో వచ్చిందని ఒళ్లంతా ఒకటే ఉత్సాహం.

పిల్లని పిలిపించారు. "చూడమ్మా, నీమీద నాకేం కోపం లేదు. ఎలా చేశావో చెప్పు, చాలు."

"లెక్కలు చేశాను సార్."

"అదే, ఎలా?"

"లెక్క చదివి చేశాను సార్."

ఇది తేలే వ్యవహారం కాదని, స్టాఫ్ రూములో ఎదురుగా కూర్చోబెట్టుకుని అలాంటివే కొత్త లెక్కలు ఇచ్చారు. ఆ పిల్ల పెన్ను కాగితం మీద పెట్టింది, తీసింది. ఒక వరుస రాసి కొట్టేసింది. చెమట పట్టిన చెయ్యి గౌనుకి తుడుచుకుంది. గంట కొట్టేసరికి కాగితం మీద కొట్టివేతలు తప్ప ఏమీ లేవు. అయితే కాపీయే. దొంగ దొరికింది గానీ దారి దొరకలేదు. ఆ దారి తెలియకుండా సంతకం పెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు.

సాయంత్రం ఇంట్లో ఆయన చొక్కాకి గుండీ కుట్టడానికి భార్య సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఆయన అలవాటు కొద్దీ ఆమె భుజం మీదుగా వంగి చూస్తున్నారు.

"కాస్త అవతలికి వెళ్తారా? అలా గుడ్లప్పగించి చూస్తుంటే నాకు చెయ్యాడదు."

"నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు, చూస్తున్నారు. కాపురానికొచ్చినప్పటినుంచీ చూస్తూనే ఉన్నారు."

ఆయన వరండాలోకి వెళ్లారు. అడుగు బయట పెట్టారో లేదో, "హమ్మయ్య, ఎక్కింది," అని లోపలినుంచి వినిపించింది. మాస్టారు జేబులోంచి ఆ పిల్ల కొట్టివేతల కాగితం తీసి, వరండా దీపం కింద మళ్లీ చూశారు. తర్వాత లోపలికి వచ్చి, ఆ గుండీ కుట్టడం అయిందా అని కూడా అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఒక గది ఖాళీ చేయించారు. గోడల మీద చార్టులు తీయించి, కిటికీ మూయించి, పిల్ల సంచీ బయట పెట్టించి, తన పెన్నే ఆ పిల్ల చేతికిచ్చారు. అప్పటికప్పుడు అల్లిన లెక్కలు బోర్డు మీద రాశారు.

"నేను బయట కూర్చుంటాను. చూడను. నీ తీరిక కొద్దీ చెయ్యి."

తలుపు దగ్గరగా వేసి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఆ కిటికీ రెక్కకి ఒక సందు ఉందని ఆయనకి బాగా తెలుసు. ఒకసారి లేచి అక్కడిదాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. నీళ్లు తెచ్చిన అటెండరు వింతగా చూశాడు.

"ఏంటి సార్, బయట కూర్చున్నారు?"

"లోపల పరీక్ష జరుగుతోంది."

"మరి మీరు లోపల ఉండాలి కదా?"

"అదే కష్టంగా ఉందయ్యా."

తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల ఇచ్చిన కాగితాన్ని మాస్టారు నిలబడే చదివారు. మొదటిది సరిగ్గా ఉంది. రెండోదీ అంతే. మూడోదాంట్లో దారంతా సరైనదే, చివర తీసివేతలో చిన్న పొరపాటు. ఆ పొరపాటు చూసేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అది ఎవరిదగ్గరా దించింది కాదు, ఆ పిల్ల సొంతం.

"మరి ఏడాదంతా ఎందుకు రాయలేదమ్మా?"

ఆ పిల్ల తలుపు చెక్క గీరుతూ నిలబడింది. "మీరు వెనక నిలబడతారు కదా సార్. నేను చేసేది తప్పేమో అనిపిస్తుంది. కొట్టేస్తాను. మళ్లీ రాస్తాను. మీరింకా అక్కడే ఉంటారు."

"ఆ మాట నాతో చెప్పొచ్చు కదా?"

"చూడొద్దని ఎలా చెప్పను సార్? కాపీ కొట్టడానికే అనుకుంటారు కదా."

నిజమే, మాస్టారు అలాగే అనుకునేవారు. "నీకొక్కదానికేనా ఇలా?" అని అడిగారు.

"మా బెంచీ అంతా అంతే సార్. మా ముందు బెంచీ కూడా."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. రానివాళ్లని కాపలా కాస్తున్నాననుకున్నారు ఇన్నేళ్లూ. వాళ్లకి రాకుండా చేస్తున్నది ఆ కాపలాయేమోనని ఒక్కనాడూ తోచలేదు. సిగ్గుతో పాటు భయం కూడా వేసింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లారు.

"ఎలా చేసిందో తేలిందా మాస్టారూ?"

"తేలిందండి. ఆ రోజు నేను గదిలో లేను."

"అంటే?" అంది ఆవిడ.

"అంతేనండి. పిల్ల పేరు ఉంచండి, నేను సంతకం పెడతాను. ఇంకో మాట. కిందటేడు చివరి బెంచీల్లో లెక్కలు తప్పి బడి మానేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో ఎవరికైనా తెలుస్తుందా?"

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అందరి సంగతీ తెలియదు. ఒకడు మాత్రం మన గేటుకి ఎదురుగానే సైకిళ్లకి గాలి కొడుతుంటాడు. రోజూ మీకు నమస్కారం పెడతాడు, మీరు చూడలేదా?"

మాస్టారు సంతకం పెట్టి, గేటు వైపు నడిచారు.