దానియేలు బాబాయి నాలుక

చేపల జెట్టీ దగ్గర ఐస్ దంచే చప్పుడు వింటే ఇప్పటికీ తల పక్కకు తిప్పుకుంటాను. ఐస్ దిమ్మను గోనెసంచిలో వేసి కర్రతో దంచుతారు. మెత్తగా, తడిగా ఉంటుంది ఆ చప్పుడు. పోర్ట్ బ్లెయిర్‌లో నేను ఆఫీసుకు వెళ్ళే బస్సు ఆ దారినే పోతుంది కాబట్టి వినక తప్పదు. పద్నాలుగేళ్ళ క్రితం, చెప్పాల్సిన చోట నేనొక మాట చెప్పలేదు. "ఐస్ వెయ్యలేదు." అంతే మాట. అది నా నోట్లోనే ఉండిపోవడం వల్ల ఒక మనిషి తన చేతి విద్యనే నమ్మడం మానేశాడు. ఆయనెవరో మీకు తెలియదు. తెలియాలని రాస్తున్నాను.

దానియేలు బాబాయి నాకు రక్తసంబంధి కాడు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో నా వయసు వాళ్ళందరికీ ఆయన బాబాయే. శ్రీకాకుళం వైపు సముద్రపుటూరి నుంచి కుర్రతనంలో వచ్చి, దీవుల మధ్య తిరిగే ఓడలో వంటవాడిగా పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడే బ్రూక్షాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు ఏది జరిగినా వంట ఆయనదే. తెల్లవారకముందే వచ్చి చర్చి గుడి వెనక గాడిపొయ్యి తవ్వేవాడు. పులుసు మరుగుతుంటే తెడ్డు తిప్పుతూ, ఏ పాటో తెలియని పాట ఒకటి సన్నగా తీసేవాడు. రుచి ఒక్కసారే చూసేవాడు. అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాలుకకు తాకించి, కళ్ళు మూసుకుని, ఏం తక్కువో చెప్పేవాడు. ఆ క్షణంలో ఆయన మొహంలో కనిపించిన సంతోషం నేను ప్రార్థనలో ఉన్నవాళ్ళ మొహాల్లో కూడా అరుదుగా చూశాను.

ఒక ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు ఆయన్ని లేపి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. బాబాయి నిలబడి చాలాసేపు చేతులు నలుపుకున్నాడు. చివరికి, "నాకు మాటలు రావండి అయ్యగారూ. మధ్యాన్నం పులుసు తినండి, అదే నా సాక్ష్యం" అని కూర్చుండిపోయాడు. గుడంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వారు. ఆ రోజు పులుసు తిన్నాక మాత్రం ఎవరూ దాన్ని హాస్యంగా తీసుకోలేదు.

వడ్డన నేర్పింది నాకు ఆయనే. నేను పంక్తి వెంట నడుస్తూ అందరినీ నవ్వుతూ పలకరిస్తుంటే దగ్గరికి పిలిచి మందలించాడు. "మొహం చూడకురా శామూ. మొహం మర్యాదకి అబద్ధం ఆడేస్తాది. చెయ్యి చూడు. చెయ్యి ఆగిందంటే ముద్ద దిగట్లేదన్నమాటే." అప్పటినుంచి ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా నా చూపు ముందు చేతుల మీదికి పోతుంది. ఆఫీసులో ఎదుట నిలబడి అర్జీ ఇచ్చేవాడి చేతులూ చూస్తాను. మనుషులను చదవడం నాకు వచ్చిందంటే అది గాడిపొయ్యి దగ్గర వచ్చిందే.

ఆ ఏడాది సంఘ వార్షికోత్సవానికి చేపలు తెచ్చే పని నాకు అప్పజెప్పారు. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. తెల్లవారుతూనే జెట్టీలో పెద్ద సూర చేపలు కొని ఆటోలో వేయించాను. అక్కడినుంచి ఐస్ ఫ్యాక్టరీకి వెళ్ళాలి. కానీ నేను బుక్ చేసుకున్న కొత్త మోటారు సైకిలు ఆ ఉదయమే ఓడలో వస్తోంది. ఒక్కసారి చూసి వెళదామని హార్బరుకు మళ్ళించాను. ఓడ ఆలస్యమైంది. ఇక్కడ ఎండ పొద్దున ఏడింటికే మండుతుంది. ఆటోవాడు రెండుసార్లు వచ్చి చెప్పాడు, "భయ్యా, ధూప్ మే మచ్లీ ఖరాబ్ హో జాయేగీ" అని. ఎండకు చేప పాడైపోతుందని అతనికి తెలిసింది. నాకూ తెలుసు. అయినా బండి క్రేన్ నుంచి దిగేదాకా కదల్లేదు. మూడు గంటలు పోయాయి. ఇక ఐస్‌కు టైము లేదు. దారిలో కుళాయి దగ్గర ఆపి చేపల మీద నాలుగు బకెట్ల నీళ్ళు కుమ్మరించాను.

బాబాయి మొదటి గుండిగ దించి, అలవాటుగా అరచేతిలో చుక్క వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు వెంటనే తెరవలేదు. ఎన్నడూ లేనిది, రెండోసారి రుచి చూశాడు.

"నాలుక మీద చిన్న మంట తగులుతోందిరా. కారం మంట కాదిది. చేపని ఐస్‌లో పెట్టావా?"

"పెట్టాను బాబాయ్. దారిలో కరిగిపోయింది. చూడు, ఇంకా తడిగానే ఉంది సంచి."

ఆయన నా వైపు చూశాడు. గుడి ఆవరణలో నిలబడి నేను అబద్ధమాడతానన్న ఆలోచన ఆయనకు రాలేదు. "ఠీక్ హై. నువ్వన్నావు కదా. నా నాలుకే ముసలిదైపోతోంది" అని తెడ్డు తీసుకున్నాడు.

సాయంత్రానికల్లా సగం సంఘం వాంతులతో మంచమెక్కింది. మొహాలు ఎర్రబడి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. కొందరిని ఆసుపత్రిలో చేర్చారు. రెండు రోజుల్లో అందరూ కోలుకున్నారు కానీ మాటలు మిగిలాయి. సంఘ పెద్దలు కూర్చున్నారు. చేప సంగతి ఏమిటని ఒకాయన నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే బాబాయి లేచాడు.

"వాణ్ణేమీ అనకండి. కుర్రాడు చేప బాగానే తెచ్చాడు, ఐస్ కూడా వేశాడు. తప్పు నా పొయ్యి దగ్గరే జరిగింది. లేని మంట చెప్పింది నా నాలుక, ఉన్న దోషం చెప్పలేదు. ఇక నన్ను పిలవకండి అయ్యగారూ."

అదీ నేను మాట్లాడాల్సిన క్షణం. నా చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాను. సమావేశం ముగిశాక కొత్త బండి ఎక్కి ఇంటికెళ్ళాను.

మరుసటి ఏడు విందు బాధ్యత నాకే ఇచ్చారు. నేను హోటల్ నుంచి బిర్యానీ పొట్లాలు తెప్పించాను. అప్పటినుంచీ పొట్లాలే. గాడిపొయ్యి చోటు పూడ్చి సిమెంటు వేయించాం. బాబాయి పంక్తి చివర కూర్చుని, పొట్లం విప్పి, ఒక్క మాట అనకుండా తినేవాడు. అయ్యగారు తలాంతుల ఉపమానం ఎత్తుకున్నప్పుడల్లా నేను తల వంచుకునేవాణ్ణి. ఆ కథలో సోమరి దాసుడు యజమాని తనకిచ్చిన తలాంతునే, ఆ డబ్బునే, వాడకుండా పాతిపెట్టాడు. నేను ఇంకొకరిది పాతిపెట్టి పైన సిమెంటు వేయించాను.

అయినా చెప్పలేదు. వంట మానేసి ఆయన విశ్రాంతిగా ఉన్నాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మొన్న బజారు బస్టాపులో ఆయన భార్య రాహేలు పిన్ని కనిపించేదాకా అదే అనుకున్నాను. బాబాయి ఎలా ఉన్నాడని అడిగితే నవ్వింది. "తిండికి కూర్చుంటే పేచీయే బాబూ. పళ్ళెం తన ముందుంటుంది, ఉప్పు సరిపోయిందా అని నన్నడుగుతాడు. నాలుక చచ్చిపోయిందంటాడు. ఆ విందు రోజు నుంచీ ఇంతే."

ఆ శనివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయికి ఎనభై దాటాయి. గోడకు ఆనుకుని పళ్ళెం ముందు కూర్చున్నాడు. నన్ను చూసి, "ఆవోరా శామూ, కూర్చో" అన్నాడు. ముద్ద కలుపుకుని, తినకుండానే పిన్నిని అడిగాడు, ఉప్పు సరిపోయిందా అని. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పేశాను. హార్బరు, మోటారు సైకిలు, ఎండ, కుళాయి నీళ్ళు. ఐస్ వెయ్యలేదని చెప్పాను. ఆ మంట నిజమైనదేనని చెప్పాను.

మొహం వైపు చూసే ధైర్యం లేదు. చెయ్యి చూశాను. ఆగిపోయింది.

ఆ చెయ్యి మళ్ళీ కదిలింది. పులుసులో వేలు ముంచి నాలుకకు తాకించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "రాహేలూ, ఉప్పు తక్కువైంది" అన్నాడు.

పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. "బీపీ అన్నారని ఆరేళ్ళ నుంచీ తక్కువే వేస్తున్నాను" అంది మెల్లగా.

బాబాయి కళ్ళు తెరిచి నన్ను చూశాడు. ఆ చూపులో క్షమ వెతకలేదు నేను, ఉండదని తెలుసు. "పొయ్యి దగ్గర నిలబడే ఒళ్ళు లేదిప్పుడు. ఇప్పుడెందుకు చెప్పావురా?" అన్నాడు.

"చెప్పాల్సింది ఆ రోజే బాబాయ్. నీ నాలుక ఎన్నడూ తప్పలేదు. తప్పింది నేను. క్షమించమని అడగడానికొచ్చాను."