జర్మన్ జిల్లాకు నేను పెట్టిన సున్నా

డెబ్బైల చివర్లో ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా ఉండేదాన్ని. ఆ టకటకలతో విసిగిపోయి, సాయంత్రం క్లాసులకు వెళ్లి జర్మన్ నేర్చుకున్నాను. "ఎవరితో మాట్లాడదామనే?" అని హాస్టల్లో అంతా ఆటపట్టించేవారు. అనువాదకురాలిని అయి తీరాలని నా పంతం.

ఒక గురువారం మా సెక్షన్ ఆఫీసరు నా బల్ల మీద జర్మనీలోని ఒక జిల్లా గురించిన జర్మన్ పుస్తకం పెట్టారు. ఆయనది గుంటూరు వైపు.

"పాడి సంగతులు చూడ్డానికి మనోళ్లు ఈ జిల్లాకి పోతన్నారమ్మా. రెండు పేజీల నోట్ రాసియ్యి. బాగుంటే ట్రాన్స్‌లేటర్ పోస్టుకి నీ పేరు పంపిస్తా. లేదంటే నీ టైపు మిషను నీకుండనే ఉంది."

అదంతా పల్లెటూళ్ల జిల్లా. ఉత్తరాన అడవి కొండలు, దక్షిణాన ఏటి ఒడ్డు పొలాలు. బంగాళాదుంపలు, చక్కెర దుంపలు, పాల డెయిరీలు, బల్లలూ కుర్చీలూ చేసే ఒకటి రెండు ఫ్యాక్టరీలు. కుర్రకారు పనుల కోసం పట్నాలకు పోతున్నారట. అన్నీ చకచకా రాసేసి జనాభా దగ్గర ఆగిపోయాను. జిల్లా మొత్తం కలిపినా మా తాలూకాలో సగం జనం లేరు! జిల్లా అంటే లక్షల్లో ఉండొద్దూ? అచ్చువాళ్లు ఒక సున్నా మింగేశారని తేల్చేసి, పుస్తకంలోనే పెన్సిలుతో ఆ సున్నా పెట్టాను. నోట్‌లోనూ అదే రాశాను. జర్మన్ల తప్పు దిద్దానని ఎంత మురిసిపోయానో! శనివారం ఆయన చదివి "శభాష్" అని, కాపీలు తీయించి పైకి పంపారు.

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ డాబా మీద ఎండలో కూర్చుని పుస్తకం చివరి పట్టిక చూశాను. ఊరూరి జనాభా ఉంది. ఊరికే కూడుతూ పోయాను. నా సున్నా లేని సంఖ్యే వచ్చింది. మళ్లీ కూడి చూశాను, అదే. తప్పు జర్మన్లది కాదు, నాదే. ఆఫీసులో జర్మన్ తెలిసింది నాకొక్కదానికే, నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ అలా వచ్చిన ఉద్యోగం నాకు వద్దనుకున్నాను.

సోమవారం ఆయన కంటే ముందే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. విషయం చెప్పగానే ఆయన మొహం మాడిపోయింది.

"ఇప్పుడు తప్పంటే పరువు పోద్దమ్మా. ఎవరు చూడొచ్చారు? వదిలెయ్, ఛోడో!"

"మొత్తం నేనే మళ్లీ టైపు చేస్తాను సార్. పాతవి వెనక్కి తెచ్చుకుంటాను."

"అట్టయితే నీ పేరు పంపలేను మరి."

"పంపకండి సార్."

స్టెన్సిల్ మళ్లీ కొట్టి, గదిగదికీ తిరిగి, "గల్తీ మేరీ హై", తప్పు నాదేనని చెప్పి కాపీలు మార్చి వచ్చాను. పోస్టు వేరే ఆఫీసు నుంచి వచ్చినాయనకు పోయింది. బాత్‌రూములో తలుపేసుకుని ఏడ్చాను. ఆ వారమే మళ్లీ జర్మన్ క్లాసుకు వెళ్లాను.

మరో రెండేళ్లకు ఆ వచ్చినాయన బదిలీ అయితే, పరీక్ష రాసి అదే పోస్టులో చేరాను. మొదటి రోజు బీరువాలో ఆ పుస్తకం కనబడింది. పెన్సిలు సున్నా అలాగే ఉంది. రబ్బరు అందుకుని, ఆగాను. దాని పక్కనే "ఇది నేను పెట్టింది" అని తెలుగులో రాసి, సిరాతో సంతకం చేశాను.