కోడలి ప్రొఫైల్‌లో నా చేతివాటం

మా కోడలి ప్రొఫైల్ నేను దిద్దిన మర్నాటినుంచి రిక్రూటర్లు తెరిపి లేకుండా ఫోన్లు చేశారు. హైదరాబాద్, చెన్నై, మస్కట్. ఫోను వేడెక్కి చేత్తో పట్టుకోవడానికి వీల్లేకపోయింది.

ఈ మాట అమలాపురంలో నేను టీ తాగే చోట చాలామందికి చెప్పాను. మస్కట్ మాత్రం మీకోసం ఇప్పుడే కలిపాను. నిజానికి వచ్చింది ఒక్క ఫోను.

కోడలు తాటిపాక దగ్గర గ్యాస్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద సేఫ్టీ పని చూసేది. ఆ కాంట్రాక్టు నెలాఖరుతో అయిపోతోంది. మావాడి రొయ్యల చెరువు ఆ ఏడు వైట్‌స్పాట్ తెగులు తగిలి తుడిచిపెట్టుకుపోయింది. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. డ్యూటీ నుంచి రాగానే లాప్‌టాప్ తెరిచి, కంపెనీలవాళ్ళు మనుషుల్ని వెతుక్కునే ఆ సైట్‌లో తన ప్రొఫైల్ ముందు కూర్చునేది. పెళ్ళి ఫోటో తీసేసి, హెల్మెట్ పెట్టుకున్నది పెట్టింది. పేరు కింద లైను మార్చింది, మళ్ళీ మార్చింది. ఎవరూ పలకరించలేదు. అన్నం కలుపుకుని, తినకుండా ఫోను వంక చూస్తూ ఉండేది.

"మావయ్యగారూ, ఇంగ్లీషు ఒకసారి చూసిపెడతారా అండీ," అని ఒక ఆదివారం అడిగింది.

నేను బతుకంతా రిజిస్ట్రారాఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ణి. కాలవగట్టున చారెడు కొబ్బరితోట కూడా నా రాతలో పడితే ఎస్టేటులా వినిపించేది. ఈ ప్రొఫైల్ చూద్దును కదా, ఎక్కడ చూసినా 'అసిస్టెడ్', 'అసిస్టెడ్'. మా వైపు మర్యాద అది. పని చేసింది తనే అయినా "మావాళ్ళు చేసేరండి" అంటారు. ఇలా రాసుకుంటే ఎవడు పిలుస్తాడు? ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు, ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల దగ్గర 'అసిస్టెడ్' కొట్టేసి 'హెడెడ్' అని పెట్టి సేవ్ నొక్కాను. స్పెల్లింగులు సరిచేశానని చెప్పాను.

శనివారం సాయంత్రం హైదరాబాద్ నుంచి రిక్రూటరు ఫోన్ చేశాడు. కోడలు స్పీకర్లో పెట్టింది.

"షట్‌డౌన్‌లో సేఫ్టీ టీమ్‌కి మీరే హెడ్ అని ఉందండి."

"ఆయ్," అంది కోడలు.

మా కోనసీమలో ఆయ్ అంటే అవునని ఒక్కటే కాదు. వింటున్నానండి, చెప్పండి అని కూడా. ఆయనకి మొదటి అర్థమే తెలుసు.

"గుడ్. మాకు కావలసింది సరిగ్గా అలాంటి మనిషే. మీ కింద ఎంతమంది ఉండేవారు?"

కోడలు లాప్‌టాప్ దగ్గరికి జరిగి ఆ లైను చదివింది. తర్వాత నావైపు చూసింది. ఇంకో ఆయ్ అనెయ్యమ్మా అన్నట్టు నేను గట్టిగా తల ఊపాను. ఏదో ఒక అంకె చెప్పమని వేళ్ళు కూడా చూపించాను. ఆమె ముక్కు మీద చెమట పట్టింది.

"హలో, లైన్లో ఉన్నారా?"

"ఉన్నానండి. నా కింద ఎవరూ లేరండి. హెడ్ వేరే ఆయనండి. ట్యాంకులోకి మనుషులు దిగేముందు లోపల గ్యాస్ ఉందో లేదో నేను చూసేదాన్నండి. సంతకం ఆయన పెట్టేవారండి."

"మరి ఇందులో అలా రాశారేంటి?"

"మా ఇంట్లో పెద్దవాళ్ళు దిద్దేరండి."

"సరేనండి, మళ్ళీ చేస్తాను," అన్నాడు.

కోడలు ఆ మాట తీసేసి మళ్ళీ 'అసిస్టెడ్' పెట్టింది. గొంతు పెంచలేదు. "ట్యాంకులో గ్యాస్ ఉందా అని అడిగితే, వాళ్ళ సంతోషం కోసం లేదండి అంటానా మావయ్యగారూ," అంది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

అయితేనేం, ఆమె నిజాయితీ నచ్చి ఆ హైదరాబాద్ ఆయనే మళ్ళీ ఫోన్ చేసి కాకినాడలో ఉద్యోగం ఇప్పించాడు. నా అబద్ధం లేకపోతే ఆమె నిజం చెప్పే సందర్భం ఎక్కడిది?

ఇంతవరకూ రాసి, మునక్కాడలు తరుగుతున్న మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.

"ఆయన మళ్ళీ ఎప్పుడు చేసేడండీ? పిల్ల రెండు నెలలు ఖాళీగా కూచుంది. కాకినాడ ఉద్యోగం ఇదివరకు తను పనిచేసినచోటి మేడంగారు చెప్పబట్టి వచ్చింది. ముద్ద దిగనిది దానికి. మీరు చేపల పులుసు మారు వడ్డించుకున్నారు."