బొట్టు ఉంచాలా, తీయాలా

మొయినాబాద్‌లో మా డిజైన్ స్టూడియోకి వచ్చేవాళ్లలో సగం మంది సంతోషంతో వస్తారు, మిగతా సగం ఏడ్చిన కళ్లతో వస్తారు. పెళ్లి పత్రికలు, వెంచర్ల బ్రోచర్లు, చేవెళ్ల రోడ్డు మీద ఫాంహౌస్‌ల బోర్డులు ఒకవైపు. చనిపోయినవాళ్ల శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు ఇంకోవైపు. ప్రింటింగ్ మా ఆయన చూసుకుంటాడు, డిజైన్ నాది. నగరంలో ఈ చదువు చదువుకుని వచ్చినప్పుడు నేను కన్న కలలు వేరు. గండిపేట వైపు కొత్తగా వచ్చినవాళ్లు లోగోలు చేయించుకుంటారని, నా పని నలుగురి కళ్లలో పడుతుందని అనుకున్నాను. నిజంగానే పడింది, కాకపోతే ఊరూరా కూడళ్లలో, చనిపోయినవాళ్ల మొహాల మీద.

మొదట్లో చిరాకు పడేదాన్ని. నీలాకాశం, రెండు తెల్ల పావురాలు, తల వెనక సూర్యకిరణాలు లేకపోతే ఎవరూ ఒప్పుకోరు. ఒకసారి పావురాలు తీసేసి సాదాగా చేసి చూపిస్తే, "మా బాపు గంత పనికిరానోడా అక్కా?" అని అడిగాడొకతను. అప్పట్నుంచి నోరు మూసుకుని పావురాలు పెడుతున్నాను.

ఆడవాళ్ల ఫోటో అయితే మేం మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. బొట్టు ఉంచాలా, తీయాలా? భర్త ఉండగా పోయిన ఆమెకు బొట్టును రూపాయి బిళ్లంత చేయమంటారు. భర్తను ముందే పోగొట్టుకున్న ఆమెకైతే తుడిచేయమంటారు. మంచి ఫోటోలన్నీ భర్త ఉన్నప్పుడు దిగినవే గనుక ఈ తుడిచే పని మాకు ఎక్కువ. పక్కనున్న చర్మం రంగు తీసి బొట్టు మీద అద్దితే నిమిషంలో మాయమవుతుంది. పప్పులో ఉప్పు వేసినంత మామూలుగా చేసేదాన్ని ఆ పని.

ఒక ఎండాకాలం పొద్దున మా పక్క ఊరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో ఒక పెద్దామె వచ్చింది. కూరగాయల తోటల్లో కూలికి పోయే మనిషి. మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగింది.

"బిడ్డా, మా యారాలు ఫ్లెక్సీ చేసింది నువ్వేనా?"

యారాలంటే తోడికోడలు. ఆ మధ్య పోయింది. ఆమె ఫ్లెక్సీ చేసింది నేనే. బాగుందని చెప్పడానికి వచ్చిందేమో అనుకుని నవ్వుతూ అవునన్నాను.

"బొట్టు తుడిసిన జాగ తెల్లగ కనవడ్తున్నది. రోజు గా తొవ్వకెళ్లే పనికి వోతున్న. సూడబుద్ధి గాలె."

నాకు చురుక్కుమంది. నా పనికి వంక పెడితే ఊరుకునే రకం కాదు నేను. పాత ఫోటో, మసక ప్రింటు అని ఏదో చెప్పబోయాను. ఆమె అదేం వినలేదు.

"మొగడు వోయిననాడు ఒకపారి తుడిసిర్రు. సచ్చినంక ఇంకొకపారి తుడుసుడా బిడ్డా?"

స్టూలు జరిపి ఆమెను కూర్చోబెట్టాను.

ఆమె వచ్చింది యారాలి కోసం కాదు, తన కోసం. ఆమె కూడా భర్త పోయిన మనిషే. తను పోయాక కూడలిలో కట్టే ఫోటోలో బొట్టు ఉండాలి. ఆ ఫోటో ఇప్పుడే తీసి కంప్యూటర్‌లో దాచాలి. కొడుకు వచ్చిన రోజు అదే ఇవ్వాలి. ఆ మాటేదో కొడుక్కి నువ్వే చెప్పొచ్చు కదా అవ్వా అన్నాను.

"మంచోడే. కని నలుగురి మాటకు బయపడ్తడు. బతికుండంగ అడిగితే ముసల్దానికి సోకులెక్కువైనయంటరు. సచ్చినంక నన్నెవడేమంటడు?"

సరే అన్నాను. ఫోటో తీసి, బొట్టు కంప్యూటర్‌లో పెడతానంటే తల అడ్డంగా ఊపింది.

"నువ్వు వెడితే అది నాది గాదు గద."

కొంగు ముడి విప్పింది. అందులో చిటికెడు కుంకుమ ఉంది. అద్దం లేదు గనుక నా ఫోన్ కెమెరా తెరిచి ఆమె ముందు పట్టుకున్నాను. చాలాసేపు తన మొహం తను చూసుకుంది. ఉంగరం వేలు కుంకుమలో అద్ది, నుదుటి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. తలుపు వైపు చూసింది. నేను లేచి వెళ్లి గడియ పెట్టి వచ్చాను. అప్పుడు పెట్టుకుంది.

"నడుమకున్నదా?"

బొట్టు కొంచెం ఎడమకు జరిగింది. అయినా ఉందన్నాను. అక్షరం వెంట్రుకవాసి పక్కకు జరిగినా తట్టుకోలేని మనిషిని నేను. ఆ బొట్టును మాత్రం తర్వాత కూడా సరిచేయలేదు.

ఫోటో చూపిస్తే తెరను వేలితో తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. వెళ్లే ముందు కొంగుతో నుదురు తుడుచుకుంది. ముడతల్లో ఎరుపు మిగిలిపోతే నేనే నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఇచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆ రోజంతా ఎవరు పలకరించినా విసుక్కున్నాను.

మా ఆయనకు చెబితే, "రేపు ఫ్లెక్సీ కట్టేది కొడుకు, ఆమె గాదు. లొల్లయితె మన మీదికే వస్తరు," అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా మాటిచ్చేశాను.

వానలు పడ్డాయి. మా దగ్గరే ఉన్న ప్రొద్దుటూరు వైపు ఒక వెంచర్ వాళ్లు టమాటా చేను ఫోటో ఇచ్చి, దాన్ని పార్కుగా, క్లబ్‌హౌస్‌గా మార్చమన్నారు. మార్చాను. చేనును చెరిపేటప్పుడు నా చెయ్యి ఆగలేదు. అదే వారం ఎవరో వచ్చి తల్లి ఫోటోలో బొట్టు తుడవమన్నప్పుడు ఆగింది. అయినా పొట్టకూటి పని కదా, చేసి ఇచ్చాను.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆ పెద్దామె కొడుకు వచ్చాడు. చేతిలో ఆధార్ కార్డు జిరాక్సు ఉంది.

"చెల్లె, మా అవ్వ వోయింది. పొద్దుగూకెవరకు ఫ్లెక్సీ గావాలె. గీ ఫోటో జర మంచిగ జెయ్యి."

జిరాక్సులో మొహం చూడగానే గుర్తుపట్టాను. మాట తేలిగ్గానే ఇచ్చాను కానీ, తల్లిని పోగొట్టుకుని వచ్చిన మనిషికి ఎదురు చెప్పాల్సి వస్తుందని అప్పుడు తోచలేదు. మీ అవ్వే వచ్చి దిగిన ఫోటో ఒకటి నా దగ్గర ఉందని చెప్పి తెరిచాను.

అతని మొహం మారిపోయింది. "బొట్టేంది? తీసెయ్యి చెల్లె. మా పెద్దబాపు జూస్తె ఫ్లెక్సీ చింపేస్తడు."

"తీసేది నిమిషం పని అన్నా. కని ఆమె తియ్యొద్దన్నది."

జరిగిందంతా చెప్పాను. యారాలి ఫ్లెక్సీ గురించి, కొంగులో తెచ్చుకున్న కుంకుమ గురించి, ఆమె అన్న ప్రతి మాటా. నలుగురికి భయపడతాడన్నదీ దాచలేదు. కోప్పడి, ఆ జిరాక్సు పట్టుకుని ఇంకో షాపుకు పోతాడనుకున్నాను. పోతే నేను చేయగలిగిందేమీ లేదు.

అతను పోలేదు. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు.

"నేను పాలు తాగే పిల్లగాన్నున్నప్పుడే బాపు వోయిండు," అన్నాడు చివరికి. "మా అవ్వను బొట్టుతోని నేనెన్నడు జూడలే."

ఫోటో పెద్దది చేయమన్నాడు. చేశాను. ఇంకా అన్నాడు. ఆమె మొహం తెర నిండా వచ్చింది. అతను ఏడుస్తుంటే నాకూ ఏడుపు ఆగలేదు.

"గిదే కొట్టు," అన్నాడు కళ్లు తుడుచుకుని.

"మరి మీ పెద్దబాపు?"

"చింపెతందుకు వస్తె రానియ్యి. దినాలయ్యేదాక నేను ఆడ్నే నిలవడ్త."