స్కానింగ్ అంటే ఒకటే అర్థం

ఎనభైల చివర, చిత్తూరులో మా ఇంట్లో స్కానింగ్ అనే మాటకు ఒకటే అర్థం: కడుపు. అందుకే మా మరిది పెళ్ళాంతో తిరుపతి నుంచి బస్సు దిగి వచ్చి, "స్కానింగ్ తీసినారమ్మా. పది దినాల్లో మళ్ళా రమ్మన్నారు" అని తలొంచుకుని లోపలికి పోగానే మా అత్త ముఖం వెలిగిపోయింది. ఇంకేం అడగలేదు. అడగాల్సిన పనేముంది?

నాకు ఒళ్ళు మండింది. నా పెళ్ళయి ఏడేళ్ళు, ఇంకా కడుపు పండలేదు. నా తోడికోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టి రెండేళ్ళు కూడా నిండలేదు. మర్నాటి నుంచే ఆమెకు పొద్దున గ్లాసెడు పాలు. నేను బావిలో నీళ్ళు చేదుతుంటే, ఆ పిల్లని బిందె ఎత్తనీయొద్దని అత్త నాకే చెప్పేది. ఏడేళ్ళుగా ఆ బిందెలెత్తిన నా నడుము ఎవరికీ గుర్తు రాలేదు. మామ మండీ నుంచి పచ్చి మామిడికాయలు తెచ్చి ఆమె ముందే పెట్టేవాడు. ఆమె ఒక ముక్క కొరికి పక్కన పెట్టేసేది. ఎంత పొగరు అనుకున్నాను. కళ్ళు ఎర్రబడి ఉంటే వేవిళ్ళ గోము అనుకుని, చూసీ చూడనట్టు పోయాను.

తొమ్మిదో రోజు ఆమె పెట్టె సర్దుకుంటోంది. మళ్ళీ తిరుపతి! మొగుడి పక్కన కూర్చుని షికారు! నా మొగుడు నన్ను పలమనేరు దాకా తీసుకుపోయిన పాపాన పోలేదు. తిన్నగా అత్త దగ్గరికి పోయి, మూడో నెల నిండేదాకా బస్సు కుదుపులు మంచివి కావంట అత్తా, అన్నాను. ఎవరన్నారని ఆమె అడగలేదు. ప్రయాణం ఆగిపోయింది. మరిది ఏదో చెప్పబోయి, తల్లి ముందు నోరు పెగలక బయటికి వెళ్ళిపోయాడు. ఆ పూట నేను కడుపు నిండా తిన్నాను.

పన్నెండు రోజులు గడిచాయి. బట్టలుతికే బండ దగ్గర ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నేను నీళ్ళు పోసుకోలేదు. వాళ్ళు స్కానింగ్ తీసింది కడుపుకి కాదు."

రొమ్ముకు. వాళ్ళమ్మ రొమ్ములో గడ్డ వచ్చి చనిపోయిందట. సంబంధం తప్పిపోతుందని పెళ్ళప్పుడు దాచారట. ఆ భయంతోనే, చేతికి ఏమీ తగలకపోయినా, ఒకసారి చూపించుకుందామని పోయింది. మొదట తీసిన ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. కండ గట్టిగా ఉన్నవాళ్ళకు ఫిల్ము అంతా తెల్లగా పడుతుందని, గడ్డ ఉన్నా అదీ తెల్లగానే పడి అందులో కలిసిపోతుందని డాక్టరమ్మ చెప్పిందట. అంతటితో వదలక స్కానింగ్ కూడా తీయించింది. అందులో బఠాణీ గింజంత గడ్డ కనబడింది. ముక్క తీసి పరీక్ష చేయాలి, ఆలస్యం చేయొద్దు అంది. మరిది తల్లి ముందు ఆ మాట పలకలేడు. ఈమె అసలే పలకలేదు.

నిజం చెబుతున్నాను. అది విన్నాక నాకు మొదట కలిగింది సంతోషం. అమ్మయ్య, కడుపు కాదు. ఆ తర్వాతే ఉతుకుతున్న బట్ట అక్కడే వదిలేశాను. తడి చేతులతోనే వంటింట్లోకి పోయి, వాళ్ళమ్మ సంగతి తప్ప మిగతాదంతా అత్తకు చెప్పేశాను. రొమ్ము అనే మాటను ఆ ఇంట్లో గట్టిగా పలికింది నేనే మొదట. మర్నాడు మొదటి బస్సుకు ఆమెను నేనే తీసుకెళ్ళాను.

చెడ్డ గడ్డే. ఆపరేషన్ జరిగింది. ఒక రొమ్ము పోయింది, మనిషి మిగిలింది. ఈనాటికీ ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి ఒకటే మాట చెబుతుంది.

"మా అక్క నోరు తెరిసింది కాబట్టే నేనీపొద్దు ఉండాను."

అంతకు ముందు కూడా ఒకసారి తెరిచాననీ, ఆ పన్నెండు రోజులూ అందుకే పోయాయనీ ఆమెకు తెలియదు.