ఉప్పు పండగకి పిన్నిగారితో

పాలకొల్లులో మా అత్తవారిది బట్టల కొట్టు. కింద కొట్టు, పైన కాపురం. అత్తగారు, మామగారు, బావగారు, తోటికోడలు, వాళ్ళ పిల్లలు, పొద్దస్తమానం వచ్చేపోయే బేరగాళ్ళు. ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండేవారు. అలాంటి ఇంట్లోంచి, డెబ్భయ్యో దశకం చివర్లో, మావారి ఉద్యోగం వెంట సహారా అంచున నైజర్ దేశంలో ఉన్న అగాదెజ్ అనే మట్టి గోడల ఊరికి వెళ్ళాను. మావారు బోర్లు వేయించే ఇంజనీరు. ఎడారిలో తిరిగే సంచారుల కోసం నూతులు తవ్వించే పని. నెలలో మూడు వారాలు క్యాంపులోనే ఉండేవారు.

నాకప్పటికి ఇరవై ఆరేళ్ళు. మొదటి కాన్పులో బిడ్డ పోయి ఏడాది కూడా కాలేదు. అక్కడ నోరు విప్పి మాట్లాడే మనిషి లేదు. ఒకరోజు చేతిలోంచి గిన్నె జారితే ‘అయ్యో’ అన్నాను. నా గొంతు నేనే విని ఉలిక్కిపడ్డాను. ఆ మాటకి ముందు ఎప్పుడు మాట్లాడానో గుర్తు రాలేదు.

మా ప్రహరీ వెనక చాపలతో కట్టుకున్న పాకలో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేవారు. ఒంటెలు, మేకలు కాచుకుంటూ ఎడారిలో తిరిగే టువారెగ్ జాతి ఆవిడ. అంతకు కొన్నేళ్ళ ముందు వచ్చిన కరువులో మంద చచ్చిపోయి, బతకడానికి పట్నం చేరారట. మా పంపు దగ్గర నీళ్ళు పట్టుకోవడానికి వచ్చేవారు. ఒక మధ్యాహ్నం ఎండకి తాళలేక గోడకి ఆనుకుని నిలబడితే చూసి, “లోపలికొచ్చి కూర్చోండి పిన్నిగారూ” అన్నాను. తెలుగులోనే. ఇంకో భాష నాకేం వచ్చు? ఆవిడ వచ్చి కూర్చుని, వాళ్ళ భాషలో ఏదో చెప్పారు.

ఆ తర్వాత రోజూ వచ్చేవారు. నేను బియ్యం ఏరుకుంటూ తెలుగులో చెప్పేదాన్ని, ఆవిడ వాళ్ళ మాటల్లో చెప్పేవారు. మా అమ్మతో కూడా అనలేని మాటలు ఆవిడతో అన్నాను. పోయిన బిడ్డ మగపిల్లవాడని, జుట్టు ఒత్తుగా ఉందని చెప్పాను. ఆ రోజు ఆవిడ మూడు వేళ్ళు చూపించి, అరచెయ్యి నేల మీద ఆనించారు. పోయిన ఒంటెల సంగతి అనుకున్నాను. “అవునండి పాపం” అన్నాను.

వానలు వెనకపట్టాక ఇన్ గాల్ అనే చోట పండగ జరుగుతుందని మావారు చెప్పారు. ఆ పక్క నేలలో, నీళ్ళలో ఉప్పుంటుంది. ఏడాదికోసారి పశువులకి ఆ ఉప్పు పట్టించడానికి ఎక్కడెక్కడి సంచారులూ మందలతో వచ్చి చేరతారు. పిన్నిగారు కూడా ఆ ఊరి పేరే పలుకుతూ, నా చెయ్యి పట్టుకుని పడమటి దిక్కు చూపించారు.

“ఒక్కదానివీ ఎలా వెళ్తావు?” అన్నారు మావారు.

“పిన్నిగారు ఉన్నారు కదండీ.”

“ఆవిడ చెప్పేది నీకు ముక్క అర్థం కాదు.”

“ఇక్కడ మటుకు నాకేం అర్థమవుతోందండి?”

ఆయనే మమ్మల్ని తెలిసిన లారీ డ్రైవరుకి అప్పజెప్పి పంపారు.

సజ్జ బస్తాల మీద కూర్చుని పగలంతా ప్రయాణం. ఇసక కొడుతుంటే పిన్నిగారు తన నీలం గుడ్డ తీసి నా తలకి, ముఖానికి చుట్టారు. దిగేసరికి నా చెంపలకి నీలం అంటుకుంది.

ఇన్ గాల్ చుట్టూ కనుచూపుమేర గుడారాలు, ఆవులు, ఒంటెలు. పిన్నిగారు గుడారం గుడారానికీ వెళ్ళి అడుగుతూ రెండోరోజుకి వాళ్ళ అక్కగార్ని పట్టుకున్నారు. ఒకరి అరచేతికి ఒకరు అరచెయ్యి రాస్తూ ఇద్దరూ చాలాసేపు కుశలాలు చెప్పుకున్నారు. వాళ్ళలో గుడారం ఆడదానిదేనట. ఆ అక్కగారు తన గుడారంలో మా ఇద్దరికీ చోటిచ్చారు. నేను మాంసం ముట్టనని సైగ చేస్తే పాలు, ఖర్జూరాలు పెట్టారు.

పొద్దున్న సజ్జలు దంచిన రోలుకే సాయంత్రం తడి మేకతోలు బిగించి డప్పు చేశారు. ఆడవాళ్ళు దాని చుట్టూ కూర్చుని పాడుతుంటే, కళ్ళు తప్ప ముఖం కనిపించని మగవాళ్ళు ఒంటెల మీద వాళ్ళ చుట్టూ తిరిగారు. ఒంటెలు కూడా ఆ దెబ్బకి తగ్గట్టే అడుగులు వేశాయి. పిన్నిగారు అందరికంటే గట్టిగా పాడారు. ఆవిడ పాడగా నేను వినడం అదే మొదలు. అంతమందిలో ప్రతివాళ్ళకీ తమ మనిషంటూ ఒకరున్నారు. చీర కట్టుకుని ఆ చివర కూర్చున్న నన్ను వెతుక్కునేవాళ్ళు లేరు. ఆవిడ కూడా నావైపు చూడలేదు.

డ్రైవరు ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. బజారులో నేర్చుకున్న నాలుగు ఫ్రెంచి ముక్కలతో, పిన్నిగారి మూడు ఒంటెలూ కరువులోనే పోయాయా అని అడిగాను.

“ఒంటెలు కావమ్మా, పిల్లలు” అన్నాడతను. “ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. వాళ్ళ అక్క చెప్పింది.”

నేను లేచి వెళ్ళి పిన్నిగారి వెనక కూర్చున్నాను. పాట అయ్యాక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ పూట తెలుగులో ఏమీ చెప్పలేదు.

తిరుగు ప్రయాణం నాడు ఆవిడే నా సంచి లారీలోకి అందించారు. తను ఎక్కలేదు.

“రండి పిన్నిగారూ, లారీ కదులుతోంది.”

ఆవిడ నెమ్మదిగా, చాలాసేపు ఏదో చెప్పారు. వెనక వాళ్ళ అక్కగారు నిలబడి ఉన్నారు. నేను కిందికి దిగి ఆవిడ భుజం మీద తల పెట్టాను. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎక్కేశాను.

వారం పోయాక మావారు క్యాంపు నుంచి వచ్చారు. “పాక ఖాళీగా ఉందేంటి? మీ పిన్నిగారేరీ?” అన్నారు.

“వాళ్ళింటికి వెళ్ళిపోయారండి.”

ఆ పాకలోకి ఎవరివో మేకలు చేరాయి. మరుసటి ఏడు పండగకి వెళ్ళొచ్చిన డ్రైవరుని అడిగితే, ఆ అక్కగారి వాళ్ళు ఆసారి అటు రాలేదన్నాడు. గడ్డి కోసం దక్షిణానికి దిగి ఉంటారన్నాడు. అంతకు మించి ఏమీ తెలియలేదు.

మావారి ఉద్యోగం ఒప్పందం పూర్తయ్యి పాలకొల్లు తిరిగొచ్చాక, ఒకరోజు మా తోటికోడలు పక్కన కూర్చుని, “అన్నాళ్ళు ఒక్కదానివీ ఎలా తోచేదే అమ్మాయ్?” అని అడిగింది. పిన్నిగారి సంగతి మొదలుపెట్టాను. పండగకని ఇద్దరం లారీ ఎక్కేదాకా చెప్పానో లేదో, కింద నుంచి బావగారు పిలిచారు. పెళ్ళి బట్టలకి బేరం వచ్చిందట. “ఉండు, ఇప్పుడే వస్తాను” అంటూ ఆవిడ మెట్లు దిగింది. బేరం తెమిలేసరికి వంటకి వేళయింది. మిగతాది ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు.