ఉప్పెక్కువైన పప్పు

పప్పులో ఉప్పెక్కువైందని మా మెస్ సేటు ఈ పొద్దున గంజెడు పప్పు మోరీలో పారబోయించి, వండిన గంగక్కను పనిలోంచి తీసేశాడు. "పిండి ముద్దలేస్తె సరైతది సేటూ" అని ఆమె బతిమాలినా వినలేదు.

మోరీలోంచి పోపు వాసన వస్తుంటే బోధన్‌లోని మా వంటిల్లు గుర్తొచ్చింది. ఉప్పెక్కువైనప్పుడల్లా అమ్మ గోధుమపిండి ముద్దలు పప్పులో ఉడికించేది, అవి ఉప్పు పీల్చేవి. మీ ఇళ్లలోనూ అంతే కదా? ఆ ముద్దల కోసం మేం కొట్టుకునేవాళ్లం. "మీ అవ్వ చెయ్యి జారితె మీకు పండుగరా!" అని బాపు అమ్మను చూసి నవ్వేవాడు.

గంగక్క సంచి తీసుకుని వెళ్తూ, "ఉప్పుకైతె మందున్నది తమ్మీ, సేటుకే లేదు" అంది.

సేటూ, నువ్వు మారవని తెలుసు. అయినా అడుగుతున్నా. అక్కను మళ్లీ పనిలో పెట్టుకుంటావా, లేదా? రేపు పొద్దున పొయ్యి వెలిగించేలోపు జవాబు చెప్పు.